తక్కువ బట్టలతో గడుస్తుందా?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగిని. బీరువా నిండా బట్టలే, పొద్దున్నే ఏం వేసుకోవాలో తోచదు. మూడు నెలలు 33 వస్తువులతోనే గడిపే ‘ప్రాజెక్ట్ 333’ నాకు నప్పుతుందా?

జవాబు: ఆఫీసు వరకైతే భేషుగ్గా. అమెరికన్ ఫ్యాషన్ డిజైనర్ డోనా కరన్ 1985లో ఒకదానితో ఒకటి కలిసే ‘సెవెన్ ఈజీ పీసెస్’ తెచ్చింది ఉద్యోగినుల కోసమే. మీరూ ముదురు రంగు ప్యాంట్లు రెండు మూడు, వాటన్నిటి మీదికీ నప్పే కుర్తీలు ఎంచుకోండి. కుర్తీల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మే నెలలో కాటన్ కుర్తీ సాయంత్రానికే ఉతుక్కి వెళ్తుంది, ముసురు పడితే ఓ పట్టాన ఆరదు.

33 అంకెను పట్టుకుని వేలాడకండి. అందులో చెప్పులు, నగలు కూడా కలుస్తాయి (మన గాజుల పెట్టె ఒక్కటే ఆ లెక్క దాటుతుంది!). పెళ్లిళ్ల పట్టుచీరల్ని అసలు లెక్కలోకే తీసుకోకండి. మిగిలినవి ఇప్పుడే ఎవరికీ ఇచ్చేయకుండా మూటగట్టి అటక మీద పెట్టండి.