చీకట్లో వెలుగును పోగుచేద్దాం

ఆకాశంలోని నీహారికలను ఫోటో తీయాలంటే లక్షల రూపాయల టెలిస్కోపు కావాలని మేమూ అనుకునేవాళ్ళం. పెళ్ళి ఫోటోలు తీసే మన పూర్వ విద్యార్థి అన్న ఒకరు తన డిజిటల్ కెమెరా, 50 ఎం.ఎం. లెన్సు, స్టాండు రెండు రోజులకు ఇవ్వడంతో ఆ భ్రమ పోయింది.

మొదటి రాత్రి మేడ్చల్‌లో మన హాస్టల్ డాబాపై 30 సెకన్ల ఫోటో తీశాం. ఆకాశమంతా తెల్లబోయింది, చుక్కలన్నీ గీతలయ్యాయి! తెలుపు వీధి దీపాల వల్ల. గీతలు భూమి గంటకు 15 డిగ్రీలు తిరగడం వల్ల. దీనికి ఒక లెక్క ఉంది. 500ను లెన్సు మిల్లీమీటర్లతో భాగించాలి. మా కెమెరా సెన్సారు చిన్నది కనుక 50ని 1.5తో హెచ్చించి 75 తీసుకున్నాం. సుమారు 6.7 సెకన్లు వచ్చింది. జాగ్రత్తకు 5 పెట్టాం.

మరునాడు జనవరి అమావాస్య. వార్డెన్ సారు అనుమతితో, లెక్కల మాస్టారి వెంట శామీర్‌పేట దాటి పొలాల్లోకి వెళ్ళాం. అక్కడ చేసిన పద్ధతి ఇది:

1. ఒరియన్ నడుములో వరుసగా ఉండే మూడు చుక్కలను గుర్తించాలి. వాటికి దక్షిణంగా ఉన్న చిన్న చుక్కల్లో మధ్యదే నీహారిక.
2. ఆటో ఫోకస్ ఆపి, ప్రకాశవంతమైన చుక్కను తెరపై పెద్దది చేసి, అది సన్నని బిందువయ్యేదాకా చేత్తో తిప్పాలి.
3. ఐ.ఎస్.ఓ. 1600 పెట్టి, కెమెరా కదలకుండా 2 సెకన్ల టైమరు వాడాలి.
4. 120 ఫోటోలు తీయాలి. లెన్సు మూత పెట్టి మరో 20 తీయాలి. కెమెరా సొంత లోపాలను తీసివేయడానికి ఇవి పనికొస్తాయి.
5. వీటన్నిటినీ డీప్ స్కై స్టాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకదానిపై ఒకటి పేర్చాలి. ఫోటోలు నాలుగింతలైతే బొమ్మలోని గరుకు సగమవుతుంది.

కంప్యూటరు తెరపై లేత గులాబీ పొగలాంటి నీహారిక తేలగానే అందరం కేక వేశాం. అది సుమారు 1300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్ననాడు బయలుదేరిన వెలుగు మా కెమెరాలో పడిందన్నమాట!

ఒకప్పుడు బేగంపేటలోని నిజామియా వేధశాల గాజు పలకలపై లక్షల నక్షత్రాలను ఫోటో తీసి కొలిచింది. నగరం పెరిగాక ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని 1968లో దూరాన రంగాపూర్‌లో నెలకొల్పింది. ఇప్పుడు ఆ వెలుతురు మేడ్చల్‌కూ వచ్చింది, శామీర్‌పేట వైపూ పాకుతోంది.

తమ్ముళ్ళూ! కెమెరా లేకపోయినా ఒక పని చేయవచ్చు. రాత్రి చదువు ముగిశాక డాబాపై బల్బు ఆర్పి, పావుగంట పైకి చూడండి. మీకు కనిపించిన చుక్కలను నోటుబుక్కులో గీసి ఉంచండి. పదేళ్ళ తర్వాత వచ్చేవారికి అది పనికొస్తుంది.