తేనెటీగలకు పంచదార

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి గోదావరి డెల్టా అన్నపూర్ణగా పేరు పొందింది. వరి, చెరకు, అరటి, కొబ్బరి తోటలతో ఎటు చూసినా పచ్చదనమే గోచరిస్తుంది. ఇటువంటి సీమలో ఒక ప్రాణి ఆకలితో అలమటిస్తుందంటే నమ్మశక్యం కాదు. కాని శ్రావణ భాద్రపద మాసాలలో తేనెటీగల పెట్టెను తెరిచి చూసిన రైతుకు ఈ సత్యం బోధపడుతుంది.

వరి పువ్వులో మకరందం ఉండదు. కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది కనుక కోనసీమలో ఈగలకు కొంత ఊరట లభిస్తుంది. అయినా రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు అవి గూడు విడిచి వెళ్లలేవు. పూలలోని మకరందం కూడ వానకు పలచబడిపోతుంది. అట్టి కష్టకాలానికై అవి దాచుకొన్న తేనెను వేసవిలోనే మనం తీసుకొని ఉంటాం. కనుక వాటి ఆకలి తీర్చడం దయ కాదు, బాధ్యత.

మరి వాటికి ఏ తీపిని పెట్టాలి? బెల్లం మన ఆరోగ్యానికి మంచిదంటారు. అందువల్ల మొదట దానివైపే మనసు పోతుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. బెల్లంలో సుక్రోజు నూటికి 65 నుండి 85 పాళ్ల వరకే ఉంటుంది. తక్కినది తేమ, ఖనిజ లవణాలు, ఇతర పదార్థాలు. వీటిలో కొన్నింటిని ఈగలు జీర్ణించుకోలేవు. అవి గూటిలో మలవిసర్జన చేయవు, బయట ఎగురుతూనే చేస్తాయి. వానకు లోపల చిక్కుకొన్నప్పుడు జీర్ణం కాని వ్యర్థం పేగులో పేరుకొని విరేచనాలు కలుగుతాయి, గూడు మలినమవుతుంది. తాటి బెల్లం, ముడి పంచదార కూడ ఈ కారణంగానే తగవు. పొడి పంచదారలో పిండి కలిసి ఉండవచ్చు.

శుద్ధమైన తెల్ల పంచదారలో సుక్రోజు నూటికి 99 పాళ్లకు పైగా ఉంటుంది. ఈగల గ్రంథులలోని ఇన్వర్టేజు అనే ఎంజైము దానిని గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. మకరందంలోని సుక్రోజును కూడ అవి ఇట్లే మార్చుకొంటాయి. ఊరూ పేరూ తెలియని తేనెను మాత్రం పెట్టరాదు. దానితోపాటు రోగక్రిములు గూటిలో ప్రవేశించవచ్చు.

పాకం తయారీ సులభమే. లీటరు నీటిని మరిగించి, పొయ్యి మీద నుండి దించి, కిలో పంచదార కలపాలి. నిమ్మరసం వంటి పులుపు చేర్చి కాచరాదు. అట్లా కాచినప్పుడు ఈగలకు హాని చేసే పదార్థం ఏర్పడుతుంది. చల్లారిన పాకాన్ని సాయంకాలం పెట్టె లోపలే ఉంచాలి. ఈగలు మునగకుండా అందులో పుల్లలు వేయాలి. వెలుపల ఒలికితే చీమలు చేరతాయి, ఇతర గూళ్ల ఈగలు దోపిడికి వస్తాయి. పులిసిన పాకాన్ని పారబోయాలి. పంచదార శక్తినిస్తుందే తప్ప మాంసకృత్తులను ఇవ్వదు. పిల్లల పెంపకానికి పుప్పొడి కావలసిందే.

పూలు విరివిగా దొరికే కాలం రాగానే పాకం పెట్టడం ఆపివేయాలి. లేనిచో అది తేనె అరలలో చేరి, తేనె పేరుతో అంగడికి వస్తుంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ తాము పరీక్షించిన 22 తేనె నమూనాలలో అయిదు మాత్రమే అన్ని పరీక్షలలో నెగ్గాయని ప్రకటించింది. ఆకలిగొన్న ఈగకు పంచదార ఆహారం. అదే పంచదార తేనె సీసాలో చేరితే కల్తీ. ఈ భేదాన్ని ఎరిగి నడుచుకొనేవాడే ఉత్తముడైన పెంపకందారు.

అర్థాలు
అలమటించు = బాధపడు
ముసురు = ఎడతెగని వాన
భేదం = తేడా

ప్రశ్నలు
1. బెల్లం తేనెటీగలకు ఎందుకు తగదో వివరించండి.
2. పాకం పెట్టడాన్ని ఎప్పుడు ఆపాలి? ఎందుకు?