కనీస వేతనం, రేషన్ కార్డు: కూలి చేసుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు

1948 నాటి కనీస వేతనాల చట్టం ఇప్పుడు లేదు. దాని బదులు 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్లు, అపార్టుమెంట్ల దగ్గర కాపలా ఉండేవాళ్లు, హోటళ్లలో, దుకాణాల్లో, కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

మా పని జాబితాలో లేదని మేనేజరు అంటున్నాడు. నాకు కనీస వేతనం రాదా?

వస్తుంది. పాత చట్టంలో షెడ్యూలు ఉండేది. అందులో పేరున్న పనులకే కనీస వేతనం వర్తించేది. కొత్త కోడ్ ఆ షెడ్యూలును తీసేసింది. జీతానికి పనిచేసే ఎవరికైనా సర్కారు నిర్ణయించిన రేటుకు తగ్గకుండా ఇవ్వాల్సిందే. చట్ట ప్రకారం అప్రెంటిస్‌గా చేరినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

అయినా కొందరు బయటే మిగిలిపోయారు. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా కార్యకర్తలు రోజంతా సర్కారు పనే చేస్తారు, కానీ వాళ్లకిచ్చేది గౌరవ వేతనమే. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 11,500 రూపాయలు అందుకుంటున్న అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరులో సమ్మెకు దిగారు. సమ్మె 42 రోజులు సాగింది, వాళ్ల మీద అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) కూడా ప్రయోగించారు. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లోనే తీర్పిచ్చింది. గ్రాట్యుటీకి ఉద్యోగి అయినవాళ్లు కనీస వేతనం దగ్గరికి వచ్చేసరికి కాకుండా పోవడం అన్యాయం. ఫుడ్ డెలివరీ, బైక్ ట్యాక్సీ నడిపేవాళ్ల పరిస్థితీ దాదాపు ఇంతే. సామాజిక భద్రతా కోడ్ వాళ్లను గుర్తించింది, కంపెనీలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలంది. గంటకు ఇంత ఇవ్వాలన్న హామీ మాత్రం ఇవ్వలేదు.

రేటు ఎవరు నిర్ణయిస్తారు?

రైల్వేలు, గనులు, బ్యాంకుల వంటి వాటికి కేంద్రం, మిగతా అన్నిటికీ రాష్ట్రం నిర్ణయిస్తాయి. పనిలో నైపుణ్యాన్ని బట్టి, ఊరు ఏ జోన్‌లో ఉందన్న దాన్ని బట్టి రేటు మారుతుంది. మూల వేతనం మీద ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో ధరల సూచీని చూసి కరువు భత్యం (డీఏ) కలుపుతారు. మూల వేతనాన్ని మామూలుగా ఐదేళ్లు దాటకుండా సవరించాలి.

సవరణలోనే అసలు దెబ్బ తగులుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో సెక్యూరిటీ, భవన నిర్మాణం సహా ఐదు రంగాలకు కొత్త రేట్లతో జీవోలు ఇచ్చింది. గెజెట్‌లో అచ్చయితేనే అవి అమల్లోకి వస్తాయి. అచ్చు కాలేదు. కార్మిక సంఘాలు హైకోర్టుకెక్కాల్సి వచ్చింది. సంతకం పెట్టిన కాగితం అచ్చుకు వెళ్లకపోతే నష్టపోయేది ఎండలో ఇటుకలు మోసే మనిషి. ఏళ్ల తరబడి పాత మూల వేతనం మీదే డీఏ పడుతుంటే పెరిగినట్టు కనిపిస్తుందే గానీ ఇల్లు గడవదు.

ఇంత చాలు అని ఏ లెక్కన తేలుస్తారు?

1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ఒక కొలత పెట్టింది. పనిచేసే మనిషి సంపాదన మీద తనతో కలిపి ముగ్గురు పెద్దలకు సరిపడే తిండి ఆధారపడుతుంది, పెద్దవాళ్లకు రోజుకు 2,700 కేలరీలు కావాలి, ఏడాదికి ఇంటిల్లిపాదికీ 72 గజాల బట్ట కావాలి, అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు అదనం. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం కలపాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2019లో కేంద్ర కార్మిక శాఖ వేసిన అనూప్ సత్పతి నిపుణుల సంఘం కొత్తగా లెక్కకట్టి, 2018 జూలై ధరల ప్రకారం రోజుకు 375, నెలకు 9,750 రూపాయలైనా ఉండాలంది. నగరాల్లో ఇంటి అద్దెకు 1,430 వరకు అదనంగా ఇవ్వాలంది. అప్పటికి దేశవ్యాప్త కనీస స్థాయి 2017లో పెట్టిన 176 రూపాయలే. అది సలహా మాత్రమే, చట్టబలం లేదు. కొత్త కోడ్ కింద కేంద్రం ప్రకటించే ఫ్లోర్ వేజ్ కంటే తక్కువగా ఏ రాష్ట్రమూ రేటు పెట్టకూడదు, అప్పటికే ఎక్కువ ఇస్తున్న రాష్ట్రం తగ్గించకూడదు. మంచి నిబంధనే. అయితే ఆ అంకెను మనిషి తిండి, అద్దె చూసి పెడితేనే దానికి విలువ. 176 లాంటి అంకెకు చట్టబలం వచ్చినా ఎవరి కడుపూ నిండదు.

రోజుకు 12 గంటల డ్యూటీ. నెల జీతం కనీస వేతనం కంటే కాస్త ఎక్కువే. సరిపోయినట్టేనా?

సరిపోదు. మోసం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. వారానికి 48 గంటలు దాటిన పని ఓవర్‌టైమ్, దానికి రెట్టింపు రేటు ఇవ్వాలి. వారానికి ఆరు రోజులు, రోజుకు 12 గంటల చొప్పున చేస్తే 72 గంటలు. అందులో 48 మామూలు గంటలు. మిగిలిన 24 రెట్టింపు లెక్కన మరో 48. మొత్తం 96 గంటల జీతం రావాలి. మీ పనికి ఎనిమిది గంటల రేటు 500 రూపాయలు అనుకుంటే వారానికి రావాల్సింది 3,000 కాదు, 6,000. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో రాత్రంతా మేలుకుని కూర్చునే వాచ్‌మన్‌కు ఈ లెక్క ఎవరూ చెప్పరు. మీరు మీ డైరీలోనో ఫోన్‌లోనో ఎక్కిన టైము, దిగిన టైము రోజూ రాసుకోండి.

జీతం అకౌంట్లో పూర్తిగా పడుతుంది. ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ వచ్చి రెండు వేలు తిరిగి తీసుకుంటాడు. ఏం చేయాలి?

ఇది చాలాచోట్ల జరుగుతోంది. కొందరు కాంట్రాక్టర్లైతే ఏటీఎం కార్డు, పిన్ నంబరు కూడా తమ దగ్గరే పెట్టుకుంటారు. చట్టం అనుమతించిన కోతలు తప్ప జీతంలో ఒక్క రూపాయి పట్టుకోవడానికి వీల్లేదు. ఆ కోతలు కూడా మొత్తం జీతంలో సగం దాటకూడదు. ప్రతి నెలా జీతం పడగానే ఒకే మొత్తం డ్రా అయినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు గట్టి ఆధారం. డబ్బు అడుగుతూ పెట్టిన వాట్సాప్ మెసేజీలు చెరపొద్దు. నలుగురైదుగురు కలిసి ఫిర్యాదు చేస్తే పనిలోంచి తీసేస్తారన్న భయం తగ్గుతుంది. వేతన స్లిప్పు ఇవ్వడం యజమాని బాధ్యత కాబట్టి అదీ అడగండి.

కాంట్రాక్టర్ మూడు నెలల జీతం ఎగ్గొట్టి పోయాడు.

మీరు పనిచేసిన సంస్థ యజమాని కట్టాలి. కాంట్రాక్టర్‌ను మీరు వెతుక్కోవాల్సిన పని లేదు.

వ్యాపారం బాగోలేదు, ఇంతకంటే ఇవ్వలేనంటున్నాడు. నేనూ ఒప్పుకుని సంతకం పెట్టాను.

ఆ సంతకం చెల్లదు. కనీస వేతనం కంటే తక్కువకు ఒప్పుకున్నా హక్కు పోదు. యజమానికి ఇచ్చే స్తోమత లేదన్నది సాకుగా పనికిరాదని సుప్రీంకోర్టు 1961లోనే ఉన్నిచోయి కేసులో తేల్చింది. తక్కువ కూలికి పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో చెప్పింది.

జీతం పెరిగితే రేషన్ కార్డు పోతుందేమో. స్లిప్పులో తక్కువ రాయించుకోనా?

అలా రాయించుకోవద్దు. పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ, పనిలో ప్రమాదం జరిగితే వచ్చే పరిహారం అన్నీ రికార్డులో ఉన్న జీతం మీదే లెక్కకడతారు. ఈ రోజు తగ్గించి రాయించుకున్నది రేపు మీ పిల్లలకు తగ్గుతుంది.

అయితే ఈ భయానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 రూపాయలు దాటకూడదు. తెలంగాణలో ఏడాదికి పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు హద్దు. సత్పతి సంఘం చెప్పిన 9,750నే తీసుకోండి. భార్యాభర్తలిద్దరికీ అది అందితే నెలకు 19,500, ఏడాదికి 2 లక్షల 34 వేలు. రెండు రాష్ట్రాల్లోనూ హద్దు దాటిపోతుంది. అదీ 2018 ధరల మీద కట్టిన లెక్క. అంటే కార్మిక శాఖ వేసిన సంఘం బతకడానికి కనీసం అన్న మొత్తాన్ని పౌర సరఫరాల శాఖ కలిగిన ఇంటి ఆదాయంగా చూస్తోంది. సర్కారు కొలతలు రెండు ఇలా ఢీకొంటుంటే కూలివాడు కార్డు కోసం కూలిని దాచుకోక ఏం చేస్తాడు?

దీన్ని సరిచేయడం కష్టం కాదు. కార్డు హద్దును ఇద్దరి కనీస వేతనానికి ముడిపెట్టి, డీఏ సవరించినప్పుడల్లా అదీ పెరిగేలా జీవో ఇస్తే చాలు. హద్దు దాటిన నెలే కార్డు రద్దు చేయకుండా ఒకట్రెండేళ్లు గడువివ్వాలి. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీకి ఆదాయ హద్దును ఏడాదికి 5 లక్షలకు పెంచింది కదా, బియ్యానికి మాత్రం ఎందుకు కుదరదు?

ఫిర్యాదు ఎక్కడ, ఎప్పటిలోగా?

మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో ఇవ్వండి. మీ జోన్‌కు, మీ పనికి తాజా రేటు ఎంతో అక్కడే అడగండి. రైల్వే, బ్యాంకు, గనుల పనైతే కేంద్ర కార్మిక కమిషనర్ కార్యాలయానికి వెళ్లాలి. పాత చట్టంలో ఆరు నెలలే గడువుండేది, ఇప్పుడు మూడేళ్లు. మీ తరఫున యూనియన్ కూడా వేయొచ్చు. జీతం ఇచ్చానని నిరూపించుకోవాల్సింది యజమానే. బకాయి కాకుండా దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఫిర్యాదును విచారించే అధికారికి ఉంది. తక్కువ ఇచ్చిన యజమానికి 50,000 వరకు జరిమానా పడొచ్చు. ఐదేళ్లలో మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల వరకు జైలు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు అక్కడ ఫీజు లేకుండా లాయరును పెడతారు. ఫిర్యాదు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.