టర్బో కారుకి మొదటి మోడిఫికేషన్ ఏది? నా బలెనో ఆర్‌ఎస్ ప్లాన్ ఇదీ

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి కారు గురించి రాస్తున్నా. ఆశ్చర్యపోకండి. ఓవర్‌క్లాకింగ్, థర్మల్ థ్రాట్లింగ్, కస్టమ్ రామ్ లాంటివి తెలిసినవాళ్లకి టర్బో కారు ట్యూనింగ్ అర్థం కావడం చాలా తేలిక. తెలుసు కదా అని తొందరపడితే బోల్తా పడటం కూడా అంతే తేలిక. నేను పడ్డాను.

మాది కేసముద్రం. నా దగ్గరున్నది 2018 మోడల్ మారుతి బలెనో ఆర్‌ఎస్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. వారానికి ఐదు రోజులు వరంగల్‌లో ఆఫీసుకి నేను వెళ్లేది ఇందులోనే. స్టెంట్ వేయించుకున్న నాన్నని నెలకోసారి చెకప్‌కి తీసుకెళ్లేది కూడా ఇందులోనే. ఇంట్లో రెండో కారు లేదు. పొద్దున సెల్ఫ్ కొడితే బండి స్టార్ట్ అవ్వాలి, రాత్రికి ఇంటికి చేర్చాలి. పికప్ ఎంత పెరిగినా ఈ రెండూ తప్పకూడదు.

తొందరపడి చేసిన మొదటి పని

కొన్న రెండు నెలలకే ఆన్‌లైన్‌లో ఒక ట్యూనింగ్ బాక్స్ తెప్పించా. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. బూస్ట్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య దీన్ని పెడతారు. ఇన్‌టేక్‌లో అసలు ఉన్న ప్రెషర్ కంటే కొంచెం తక్కువ ఉందని ఇది ఈసీయూకి అబద్ధం చెబుతుంది. ఈసీయూ నమ్మేసి టర్బోని ఇంకాస్త గట్టిగా తిప్పిస్తుంది. ఫోన్‌లో టెంపరేచర్ సెన్సర్ రీడింగ్ తగ్గించి చూపిస్తే ప్రాసెసర్ ఇంకా వేగంగా పరిగెత్తినట్టన్నమాట. పావుగంటలో ఫిట్ చేశా. నిజం చెప్పాలంటే తేడా బ్రహ్మాండంగా తెలిసింది. మూడు వారాలు ఎవరు కనబడితే వాళ్లని ఎక్కించుకుని తిప్పాను.

నాలుగో వారం చెకప్ అయ్యి రాత్రి వస్తున్నాం. నెక్కొండ దాటాక ఒక ట్రాక్టర్‌ని ఓవర్‌టేక్ చేయడానికి యాక్సిలరేటర్ నొక్కా. బండి ఒక్కసారి కుదిపింది, చెక్ ఇంజిన్ లైట్ టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఎలాగో ఎడమవైపు సర్దుకుని ఆపా. "బండి గుంజుతలేదేందిరా?" అన్నారు నాన్న. ఏం చెప్పాలో తెలీలేదు. ఫోన్ టార్చ్ వెలుగులో బాక్స్ పీకేసి, సెన్సర్ వైరు మళ్లీ నేరుగా పెట్టి, యాక్సిలరేటర్‌ని ముట్టీ ముట్టనట్టు నొక్కుతూ ఇల్లు చేర్చా. ఆ రాత్రి లారీలన్నీ మమ్మల్ని దాటుకుంటూ పోయాయి.

తర్వాత తెలిసింది ఏంటంటే, బాక్స్ పాడవలేదు, టర్బో పోలేదు. పోయింది స్పార్క్ ప్లగ్గులు. అరిగి అరిగి వాటి గ్యాప్ పెరిగిపోయింది. సిలిండర్‌లో గాలి, పెట్రోల్ ఎంత ఒత్తుగా ఉంటే ఆ గ్యాప్ దాటడానికి స్పార్క్‌కి అంత ఎక్కువ వోల్టేజ్ కావాలి. కంపెనీ బూస్ట్ దగ్గర ఎలాగో నెట్టుకొస్తున్న ప్లగ్గులు బూస్ట్ పెరగగానే చేతులెత్తేశాయి. దీన్నే మిస్‌ఫైర్ అంటారు. ఒక మాట గుర్తుపెట్టుకోండి: చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలిగితే మెకానిక్ దగ్గరికి వెళ్లేదాకా టైముంటుంది. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం వెంటనే కాలు తీసేయండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. ప్లగ్గుల ఖర్చుతో పోయేది కన్వర్టర్ దాకా వస్తుంది.

"ముందు ఉన్నదాన్ని సక్కగ చేసుకో తమ్మీ, పెంచుడు సంగతి తర్వాత చూస్కో" అన్నాడు మా మెకానిక్ అన్న. ఆ మాట మీదే ప్లాన్ మొత్తం మళ్లీ మొదటి నుంచి రాసుకున్నా.

మన ఇంజిన్‌లో దాచిపెట్టింది ఎంత?

బలెనో ఆర్‌ఎస్ 2017 మార్చిలో వచ్చింది, బీఎస్6 రూల్స్ రాకముందే 2020లో ఆగిపోయింది. 998 సీసీ, మూడు సిలిండర్ల బూస్టర్‌జెట్ ఇంజిన్. ఇండియాలో దీని లెక్క 102 పీఎస్ పవర్, 150 న్యూటన్ మీటర్ల టార్క్. యూరప్‌కి ఎగుమతైన బలెనో కూడా ఇండియాలో తయారైన కారే. అక్కడ ఇదే బూస్టర్‌జెట్ 111 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. ఇక్కడ తగ్గించడానికి పెద్ద కారణం పెట్రోల్. అప్పటి బీఎస్4 మామూలు పెట్రోల్‌కి ఆక్టేన్ కనీసం 91 ఉంటే చాలు, యూరప్‌లో 95 మామూలు. ఆక్టేన్ తగ్గితే, స్పార్క్ రగిల్చిన మంట చేరేలోపే ఒక మూల మిశ్రమం తనంతట తానే పేలే ప్రమాదం ఎక్కువ. దాన్నే నాకింగ్ అంటారు. ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్టే ఉంటుంది.

నా టార్గెట్ ఇక్కడే దొరికింది. కంపెనీయే ఇంకో దేశంలో గ్యారంటీ ఇచ్చి అమ్మిన 170కి అటూ ఇటూగా ఆగితే చాలు. యూట్యూబ్‌లో కనిపించే 200, 220 నెంబర్లు చూసి నోరూరుతుంది. కాదనను. కానీ ఇక్కడ అమ్మిన క్లచ్ 150 కోసం పెట్టింది. అదనపు టార్క్‌ని ముందు మోయాల్సింది అదే.

వేడి లెక్క ఒక్కసారి చూడండి

గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్‌కి గాలి కొట్టినప్పుడు పంపు కాలినట్టు. మన మే నెలలో ఇంజిన్ పీల్చే గాలి 40 డిగ్రీలనుకుందాం. టర్బో దాన్ని 1.8 రెట్లు నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, ఫిజిక్స్ పుస్తకం లెక్క ప్రకారం బయటికొచ్చే గాలి 120 డిగ్రీలు దాటుతుంది. 2 రెట్లు నొక్కితే దాదాపు 138. బూస్ట్ కాస్త పెంచినందుకే ఇంటర్‌కూలర్ మీద 16 డిగ్రీల అదనపు బరువు. ఆ వేడిని వదిలించుకోలేకపోతే నాకింగ్ రాకుండా ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. గేమ్ ఆడుతుంటే పది నిమిషాల తర్వాత ఎఫ్‌పీఎస్ ఎందుకు పడిపోతుందో మీకు తెలుసు కదా, అదే కథ.

ఇది పుస్తకంలో ఒకటి, మా ఊళ్లో ఒకటి కాదు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి, మార్కెట్ యార్డు దగ్గర మిర్చి బస్తాల లారీల వెనక పది నిమిషాలు ఇరుక్కున్నా. ఇన్‌టేక్ టెంపరేచర్ 68 దాకా పోయింది. ఓపెన్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిపాక 54కి దిగింది. మీ టెస్టులు చల్లటి పొద్దునపూట చేసి మురిసిపోకండి. మీ బండి అసలు పరీక్ష ట్రాఫిక్‌లో నిలబడి లేచాకే.

బూస్ట్ జోలికి పోకముందు నేను చేసినవి

ముందు రీకాల్. బ్రేక్‌కి బలం ఇచ్చే వ్యాక్యూమ్ పంప్ కోసం 2023 ఏప్రిల్‌లో మారుతి 7,213 బలెనో ఆర్‌ఎస్ కార్లని వెనక్కి పిలిచింది. 2016 అక్టోబర్ 27 నుంచి 2019 నవంబర్ 1 మధ్య తయారైనవి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి ఇలాంటి సంగతులు తెలియకపోవచ్చు. ఛాసిస్ నెంబర్ ఇచ్చి అడిగితే, నా బండికి పంప్ పాత ఓనరే మార్పించారని తేలింది. మీది ఏ కారైనా సరే, వేగం పెంచే ముందు ఈ ఒక్క ఫోన్ కాల్ చేయండి.

తర్వాత ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్. ఆయిల్ విషయంలో కాస్త ఆగాలి. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకి ఎల్‌ఎస్‌పీఐ అనే జబ్బు ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడ్ పడినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది. ఒక్క దెబ్బకి పిస్టన్ పగలొచ్చు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిల్‌కి ఈ జబ్బు మీద పరీక్ష ఉంటుంది. డబ్బా మీద ఆ రెండక్షరాలు చూసి, మాన్యువల్ చెప్పిన చిక్కదనంలోనే తీసుకోండి. ఇంకో జాగ్రత్తకి పైసా ఖర్చు లేదు: ఐదో గేర్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర కాలు అదిమేయకండి, గేర్ తగ్గించండి. ట్యూన్ చేసిన బండికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే టార్క్ ఎక్కువగా పెరిగేది కిందనే.

టైర్లకే నా బడ్జెట్‌లో పెద్ద ముక్క పోయింది. 195/55 ఆర్16 సైజు. పక్కన డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. నావి 2318, అంటే 2018లో 23వ వారం. గుండీలు బాగానే ఉన్నాయి కానీ రబ్బరు చెక్కలా గట్టిపడింది. మంచి సంగతేంటంటే ఆర్‌ఎస్‌కి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే. అందుకే బ్రేకుల్లో ఫ్లూయిడ్ ఒక్కటే మార్చా. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది.

గ్యాడ్జెట్ పని: లాగింగ్

ఇక్కడ మనం ఎక్స్‌పర్ట్‌లం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌లో బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి, ఫోన్ యాప్‌లో డేటా రికార్డ్ చేయండి. చౌక అడాప్టర్లతో వచ్చే చిక్కు ఒకటుంది. ఇరవై సెన్సర్లు ఒకేసారి టిక్ పెడితే ఒక్కోదాని రీడింగ్ సెకనుకోసారి కూడా రాదు. నేను నాలుగే పెట్టా: ఆర్‌పీఎం, ఇన్‌టేక్ టెంపరేచర్, మ్యానిఫోల్డ్ ప్రెషర్, స్పార్క్ టైమింగ్. ఫ్యూయల్ ట్రిమ్ విడిగా ఒక రోజు చూశా. షార్ట్, లాంగ్ రెండూ కలిపి ప్లస్ ఆర్ మైనస్ 10 శాతం దాటితే ఎక్కడో గాలి లీకో ఇంజెక్టర్ సమస్యో ఉన్నట్టు. అలాంటి బండికి ట్యూన్ వద్దు.

పికప్ కొలవడానికి డైనో దాకా వెళ్లక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌లో 2000 నుంచి 4500 ఆర్‌పీఎంకి ఎంతసేపు పట్టిందో లాగ్‌లో చూసుకోండి. స్పీడ్ లిమిట్ లోపలే అయిపోతుంది. వెళ్లేటప్పుడు మూడుసార్లు, వచ్చేటప్పుడు మూడుసార్లు చేసి సగటు తీయండి, రోడ్డు వాలు చెల్లిపోతుంది. ఫోన్ చేతిలో పట్టుకుని చేయకండి, రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పడేయండి.

నేను వద్దనుకున్నవి

ఓపెన్ ఎయిర్ ఫిల్టర్. సౌండ్ అదిరిపోతుంది, తెలుసు. కానీ మా దారిలో మక్కలు, వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. ఆ దుమ్ము, నూకంతా పీల్చుకుంటూ వెళ్లాలి. పైగా బాక్స్ లేని ఫిల్టర్ బానెట్ కింద వేడిగాలే పీలుస్తుంది. చల్లటి గాలి కోసం పైపుని బంపర్ కిందికి దించే కిట్లు ఇంకో రకం. 2024 సెప్టెంబర్ 1న వర్షాలకి ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి కదా. అలాంటి నీళ్లలో కిందికి దించిన పైపు నీళ్లు పీలిస్తే సిలిండర్‌లో నీరు నొక్కుడు పడదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కంపెనీ ఫిల్టర్ బాక్స్ అలాగే ఉంచేశా.

సైలెన్సర్ కూడా ముట్టలేదు. ట్యూన్ లేకుండా మారిస్తే వచ్చేది ఎక్కువగా చప్పుడే. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. ఈసీయూ రీమ్యాప్ బయటికి కనపడదు కాబట్టి పర్లేదని చాలామంది అంటారు. యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు ఆ మాట నిలబడుతుందని నేను అనుకోను. ఫోక్స్‌వ్యాగన్ బళ్లలో ఈసీయూ మారిస్తే సర్వీస్ సిస్టమ్‌లో టీడీ1 అనే మార్క్ పడుతుంది, శాంసంగ్ ఫోన్‌లో నాక్స్ ట్రిప్ అయినట్టే. వారంటీలో ఉన్న బండికి ఈ ఆలోచనే వద్దు.

ట్యూనర్‌ని ఏం అడిగాను

ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడా. ఒకరు ధర, పెరిగే పీఎస్ చెప్పి ఊరుకున్నారు. రెండో ఆయన్ని నాలుగు విషయాలు అడిగా. ఒరిజినల్ ఫైల్ నాకు కాపీ ఇస్తారా? 3000 ఆర్‌పీఎం కింద టార్క్ ఎంత పెంచుతారు? ఇన్‌టేక్ 60 డిగ్రీలు దాటితే మ్యాప్ తనంతట తాను తగ్గుతుందా? ఏ పెట్రోల్ కోసం రాస్తారు? చివరి ప్రశ్నకి ఆయనే ఎదురు అడిగారు, "మీ దగ్గర బంకుల్లో రోజూ ఏది దొరుకుతుంది?" అని. అప్పుడే ఆయన మీద నమ్మకం కుదిరింది. హైదరాబాద్‌లో దొరికే హై ఆక్టేన్ పెట్రోల్ కోసం మ్యాప్ రాయించుకుని కేసముద్రంలో మామూలుది కొట్టిస్తే నాకింగ్‌ని చేతులారా పిలుచుకున్నట్టే.

ఇప్పుడు ఈ20 లెక్క కూడా కలపాలి. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, ఆ వరకు మంచిదే. కానీ లీటరుకి శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అదే పవర్‌కి ఇంజెక్టర్లు ఇంకొంచెం ఎక్కువ పోయాలి. బూస్ట్ పెంచితే ఇంకా ఎక్కువ. పైగా నాది 2018 బండి, ఈ20 కోసం మెటీరియల్ మార్చకముందుది. అందుకే ఫ్యూయల్ హోస్‌లు, రబ్బరు జాయింట్లు ముందే చూపించా. ఒక జాయింట్ దగ్గర పగుళ్లు కనబడితే మార్పించా.

ప్రస్తుతం పరిస్థితి ఇదీ. కొత్త టైర్లు, ప్లగ్గులు, ఆయిల్, ఫ్లూయిడ్. బూస్ట్ కంపెనీదే. రెండో గేర్ టెస్టులో ట్యూనింగ్ బాక్స్ లేకుండానే టైమ్ కాస్త మెరుగుపడింది, పాత ప్లగ్గులు ఎంత తినేశాయో దీన్నిబట్టి చూసుకోండి. మే నెల లాగ్‌లు మొత్తం ట్యూనర్‌కి పంపా. 170 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపి, 2500 ఆర్‌పీఎం లోపల టార్క్ కంపెనీ లెక్క దాటకుండా ఒక మ్యాప్ అడిగా. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా రాశా. వాళ్ల జవాబు వచ్చేదాకా ఈసీయూ ముట్టుకోను. వద్దంటే మ్యాప్ లేదు. ట్యూనింగ్ బాక్స్ బీరువా మీద ఉంది. మొన్న చెకప్‌కి బయల్దేరే ముందు నాన్న సీటు బెల్ట్ పెట్టుకుంటూ, "ఆ డబ్బా తీసేసినవా?" అని అడిగి, తీసేశా అన్నాకే తలుపేసుకున్నారు.