శిక్షణలోనున్న వైద్యునిచే శస్త్రచికిత్స

ఆంజనేయస్వామి దర్శనమునకు కర్మన్‌ఘాట్ వచ్చు గ్రామీణులకు దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతమున చర్మసౌందర్య వైద్యశాలల బోర్డులు కనబడుచుండును. ముఖమున ముడుతలు పోగొట్టు ‘ఫేస్‌లిఫ్ట్’ శస్త్రచికిత్స సినీతారలకే పరిమితమని ఒకప్పుడు తలచెడివారు. నేడు దానిని గూర్చి సామాన్యులును విచారించుచున్నారు. అయితే, “పెద్దాసుపత్రికి పోయినచో నేర్చుకొనువారు కోయుదురట” అను భయమొకటి జనులలో కలదు. పంచాయతీ సభ్యులను ఎవరైనను ఈ సంగతి అడిగినచో ఏమి చెప్పవలెను?

ఆ నేర్చుకొనువాడు ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏండ్లు చదివి, ఒక ఏడు హౌస్ సర్జనుగా పనిచేసి, సాధారణముగా సర్జరీలో ఎం.ఎస్. మూడేండ్లు ముగించి, ప్లాస్టిక్ సర్జరీలో మరి మూడేండ్ల శిక్షణకు వచ్చినవాడు. అనగా అప్పటికే సర్జను.

ముఖచర్మము క్రింద కండరములను కదల్చు నరములు కలవు. కత్తి ఒక పొర ఎక్కువ దిగినచో మూతి వంకర కావచ్చును. మొదటి దినముననే చర్మము క్రింద రక్తము గూడుకట్టుట మరియొక ముప్పు; రక్తపోటు అదుపులో లేనివారికి ఇది హెచ్చు. పొగత్రాగువారికి చర్మము చచ్చిపోవు భయము కలదు. చుట్ట మానని మన పెద్దలు దీనిని గమనింతురు గాక! ఈ ముప్పులు నిపుణుని చేతిలోను కలవు. అమెరికా బోధనాసుపత్రులలో గురువుల పర్యవేక్షణలో శిష్యులు చేసిన సౌందర్య శస్త్రచికిత్సలను పరిశీలింపగా, చిక్కులు అనుభవజ్ఞులు చేసినవానితో దాదాపు సమానముగనే ఉండెను.

ఈ విషయమున హైదరాబాదునకు ఒక పూర్వకథ కలదు. 1880వ దశకపు ఉత్తరార్ధమున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ తన విద్యార్థులచేతనే క్లోరోఫారం ఇప్పించెడివాడు. రోగి శ్వాసను విడువక కనిపెట్టవలెనని ఆయన నియమము. నిజాము ప్రభుత్వ ప్రోత్సాహమున 1888, 1889లలో జరిగిన రెండు విచారణలు ఆయన పద్ధతినే బలపరచినవి. కాని క్లోరోఫారం గుండెనే హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు చూపెను. గురువు గమనింపనిది శిష్యుడును గమనింపలేదు. అందుచేతనే నేడు మత్తు వైద్యుడు వేరుగా నుండి నాడిని, రక్తపోటును, శ్వాసను కూడ కనిపెట్టుచుండును.

అసలు భయపడవలసినది గురువు పేరు బోర్డుపై మాత్రమే ఉన్నచోటును గూర్చి. కత్తి పట్టునది ఎవరు, గురువు థియేటరులోనే ఉండునా, ఆయన పేరు తెలంగాణ వైద్యమండలిలో నమోదైనదా అని ముందుగనే అడుగవలెను. చికిత్స స్వభావము, ముప్పులు, ప్రత్యామ్నాయములు తెలిపిన పిమ్మటనే సమ్మతి గైకొనవలెనని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. తెలియని కాగితముపై వ్రేలిముద్ర వేయనక్కరలేదు.

రాత్రివేళ ఎవరు చూచెదరనియు అడుగవలెను. చికిత్స జరిగిన రాత్రి ముఖము ఒక ప్రక్క వాచి నొప్పి పెరిగినచో తెల్లవారువరకు ఆగరాదు. ఆ వేళ బోధనాసుపత్రిలో మేల్కొనియుండునది తరచుగా ఆ శిక్షణలోనున్న వైద్యుడే.