బరోలో రెడ్ వైన్: ద్రాక్ష రకం, కొండ వాలు, నియమావళి

ఇటలీ వాయవ్య భాగంలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, ఆల్బా పట్టణానికి నైరుతిగా ఉన్న లాంగె కొండలలో బరోలో అనే రెడ్ వైన్ తయారవుతుంది. 11 గ్రామాల పరిధిలో పండిన నెబ్బియోలో ద్రాక్షతో మాత్రమే దీనిని తీయాలి. మరే రకాన్నీ కలపరాదు. లోపాలను కప్పిపుచ్చే మరో రకం లేనందున ఈ వైన్‌ను అర్థం చేసుకోవడానికి రుచి వర్ణనల కంటే మొక్క స్వభావంతో మొదలుపెట్టడం మేలు.

నెబ్బియోలో త్వరగా చిగురించి ఆలస్యంగా పక్వమవుతుంది. అందువల్ల వసంతంలో మంచు దెబ్బకు, కోతకు ముందు వానలకు కూడా గురవుతుంది. కోత సాధారణంగా అక్టోబరులో, పొగమంచు కమ్మే రోజులలో జరుగుతుంది. ఇటాలియన్ భాషలో పొగమంచును 'నెబ్బియా' అంటారు. రకం పేరుకు అదే మూలమని చెబుతారు. కొమ్మ మొదటి రెండు మూడు కణుపుల మొగ్గలు దాదాపు కాపునివ్వవు. పొట్టిగా కత్తిరిస్తే పంట పోయినట్లే. కాబట్టి ఏటా ఒక పొడవైన కొమ్మను ఉంచి, తీగకు వంచి కట్టే 'గుయో' పద్ధతిని పాటిస్తారు. థాంప్సన్ సీడ్‌లెస్ కత్తిరింపులు చూసిన విద్యార్థులకు ఈ సమస్య కొత్త కాదు.

ఈ రకం తొక్కలోని ఆంథోసయనిన్లలో సులభంగా ఆక్సీకరణం చెందే సయనిడిన్, పియోనిడిన్ వర్గాలు ఎక్కువ. స్థిరమైన మాల్విడిన్ వర్గం తక్కువ. అందుచేత వైన్ రంగు పలుచగా ఉండి, కొన్నేళ్లకే అంచున ఇటుక ఛాయ తేలుతుంది. టానిన్లు, ఆమ్లత్వం మాత్రం అధికం. ముదురు రంగే గాఢతకు గుర్తు అనుకునేవారిని బరోలో తప్పుదారి పట్టిస్తుంది.

నేలలు సున్నంతో కూడిన బంకమట్టి నేలలే అయినా ఒకే తీరుగా లేవు. పశ్చిమాన లా మోరా, బరోలో గ్రామాల వైపు నీలి బూడిద రంగు నేలలు ఎక్కువ. అక్కడి వైన్ సువాసనతో, కొంత మృదువుగా ఉంటుంది. తూర్పున సెర్రలుంగాలో ఇసుకరాయి పొరలు కలుస్తాయి. అక్కడి వైన్ వగరుగా ఉండి నెమ్మదిగా పరిపక్వమవుతుంది. ఇది స్థూల విభజన మాత్రమే. వాలు దిశ, తయారీదారు చేయి దీనిని తారుమారు చేయగలవు.

పాత సంప్రదాయంలో తొక్కలను వారాల తరబడి రసంలో నాననిచ్చి, వైన్‌ను పెద్ద ఓక్ పీపాలలో ఏళ్ల తరబడి ఉంచేవారు. 1980లలో ఎలియో అల్తారె వంటివారు నానబెట్టే కాలాన్ని తగ్గించి, చిన్న ఫ్రెంచ్ ఓక్ పీపాలు వాడారు. పచ్చి గుత్తులను తొలగించి దిగుబడి తగ్గించారు. బార్తొలో మస్కరెల్లో వంటివారు చిన్న పీపాలను గట్టిగా వ్యతిరేకించారు. నేడు అనేకులు రెండు మార్గాల నుండీ తీసుకుంటున్నారు. కొత్తవారు తెచ్చిన మేలు పీపాలో కంటే తోటలోనే ఎక్కువని చెప్పవచ్చు.

బరోలోకు 1966లో డి.ఓ.సి., 1980లో డి.ఓ.సి.జి. హోదా లభించాయి. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బరోలో నియమావళి పేరును కాపాడడంతో ఆగక సాగునూ శాసిస్తుంది. తోట కొండ వాలుపైనే, 170 నుండి 540 మీటర్ల ఎత్తులో ఉండాలి. దిగుబడి హెక్టారుకు 8 టన్నులు మించరాదు. వైన్‌ను కనీసం 38 నెలలు నిల్వ చేయాలి; అందులో 18 నెలలు చెక్క పీపాలలో గడవాలి. 'రిజర్వా'కు 62 నెలలు.

లోయ అడుగు భాగాలను, ఉత్తరపు వాలులను ఈ నియమాలు మినహాయించాయి. పండు పక్వం కావడమే కష్టమైన చల్లని కాలంలో అది సబబే. ఇప్పుడు వేడి పెరిగి, టానిన్లు పక్వం కాకముందే చక్కెర పెరుగుతోంది, ఆమ్లం తగ్గుతోంది. ఉత్తరపు వాలులను అనుమతిస్తే చల్లని తోటలు దొరుకుతాయి. అదే సమయంలో విస్తీర్ణం పెరిగి పేరు విలువ తగ్గే ప్రమాదమూ ఉంది. ప్రస్తుతం ఆ వాలులలో అధికభాగం అడవికి, హేజెల్‌నట్ తోటలకు వదిలివేయబడి ఉంది.