ఎగ్జామినర్ కుర్చీకి కోర్సు లేదు

ధర్మాబాద్ దగ్గరి ఊరి నుంచి ఒక రైతు, పన్నెండో తరగతి పాసైన కొడుకుని వెంటబెట్టుకుని నాందేడ్‌లోని మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో మూడెకరాల పొలం కాగితం, సాత్‌బారా, నాలుగు మడతలు పెట్టి ఉంది. "సార్, వీన్ని పైలట్ జేసి, ఆ తర్వాత డీజీసీఏల ఎగ్జామినర్‌గ పెట్టియ్యాలె. సర్కారు కుర్చీ గదా. పైలట్ కోర్సు, ఎగ్జామినర్ కోర్సు కలిపి ఒకాయన ప్యాకేజీ చెప్పిండు. ఈ వారంల రెండు లక్షలు కడితే సీటు పక్కా అంటుండు" అన్నాడు.

ఆ రెండు లక్షలు కట్టొద్దని వెంటనే చెప్పాను. ఎగ్జామినర్ కోర్సు అని విడిగా అమ్ముకునే సరుకు ఈ దేశంలో లేదు. అలా చెప్పి డబ్బు అడిగేవాడు మోసం చేస్తున్నట్టే.

అసలు ఈ ఎగ్జామినర్లు ఎవరు? విమానం నడిపేవాళ్లందరినీ పరీక్షించడానికి సరిపడా ఉద్యోగులు ఏ ప్రభుత్వం దగ్గరా ఉండరు. అందుకే బయట పనిచేసే అనుభవజ్ఞులకు ఆ అధికారం అప్పగిస్తారు. ఫ్లయింగ్ స్కూళ్లలో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ స్థాయి వాళ్లకు, ఎయిర్‌లైన్స్‌లో సీనియర్ కెప్టెన్లకు, విమానయానాన్ని నియంత్రించే సంస్థ డీజీసీఏ ఈ అనుమతి ఇస్తుంది. ఎయిర్‌లైన్‌లో అయితే కంపెనీయే పేరు ప్రతిపాదించాలి. కాగితాలు చూస్తారు, శిక్షణ ఇస్తారు, పరీక్ష ఎలా పెడుతున్నాడో పక్కన కూర్చుని గమనిస్తారు. ఆ తర్వాతే అనుమతి. అదీ ఫలానా రకం విమానానికి, ఫలానా గడువు వరకే. జీతం ఇచ్చేది మాత్రం కంపెనీయే. వీళ్లు కాక ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లని ఉంటారు. పైలట్లుగా ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల కోసం డీజీసీఏ ప్రకటన ఇస్తే, వాళ్లు సొంతంగా దరఖాస్తు చేసుకుంటారు. చాలావరకు కాంట్రాక్టు కొలువులే.

అమెరికాలోనూ ఇదే పద్ధతి. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నియమించే పైలట్ ఎగ్జామినర్ ప్రభుత్వోద్యోగి కాడు. అభ్యర్థుల దగ్గర ఫీజు తీసుకుని పరీక్ష పెడతాడు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, కానీ అన్ని అర్హతలున్నా తమ ప్రాంతంలో అవసరం ఉందని అక్కడి ఎఫ్ఏఏ కార్యాలయం అనుకుంటేనే పిలుపు వస్తుంది.

ఇప్పుడు ఆ పిల్లవాడు అక్కడిదాకా వెళ్లడానికి ఎంత దూరం ఉందో చూద్దాం. పన్నెండులో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండి 18 ఏళ్లు నిండితే కమర్షియల్ లైసెన్సుకు అర్హత ఉన్నట్టే. దానికి 200 గంటలు ఎగరాలి. కెప్టెన్ కావడానికి కావలసిన పై లైసెన్సు ఏటీపీఎల్‌కు 1500 గంటలు. ఎయిర్‌లైన్‌లో చేరాక కూడా ఏడాదికి 1000 గంటలు మించి ఎగరనివ్వరు. ఆ పైన కో-పైలట్‌గా ఏళ్లు, కెప్టెన్‌గా ఏళ్లు, ఇన్‌స్ట్రక్టర్‌గా ఏళ్లు. అవన్నీ గడిచాకే ఎగ్జామినర్ మాట. పద్దెనిమిదేళ్ల వాడి నెత్తిన ఆ కుర్చీ ఇప్పుడే పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఖర్చు సంగతి మనసు పెట్టి వినండి. 200 గంటల శిక్షణ ఎక్కడ చేసినా నలభై, యాభై లక్షల మాట. ఎయిర్‌లైన్‌లో ఫలానా రకం విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగ్ అంటే ఇంకో పది, పదిహేను లక్షల పైమాటే. యాభై లక్షల అప్పుకు 11 శాతం చొప్పున వేసుకుంటే నెలకు 46 వేలు ఒక్క వడ్డీకే పోతాయి. లైసెన్సు చేతికొచ్చాక ఉద్యోగం కోసం రెండు మూడేళ్లు ఎదురుచూసిన పిల్లలు నాకు తెలుసు. ఆ రోజుల్లో ఇంట్లో భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడుకోరు. పిల్లవాడు పళ్లెం ముందు తల ఎత్తడు.

ఇంకో ఉచ్చు, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్. తక్కువ ఖర్చులో గంటలు పూర్తి చేయిస్తామనే చోటికి పిల్లల్ని పంపకండి. 2011లో దొంగ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు అరెస్టయ్యారు. ఎగరని గంటలు ఎగిరినట్టు రాసిన కేసులూ అప్పుడే బయటపడ్డాయి. రేపు ఎగ్జామినర్‌గా ఒకరి పేరు పంపితే మొదట తిరగేసేది ఆ లాగ్‌బుక్కునే. ఇరవై ఏళ్ల వయసులో రాసిన ఒక్క దొంగ గంట నలభై ఏళ్ల వయసులో ఎదురుపడుతుంది.

మన ఊళ్లో ఈ మోజు ఎలా పెరిగిందో నాకు గుర్తుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద నాందేడ్–హైదరాబాద్ విమానం మొదలైంది. ఆ తర్వాత దాన్ని నడిపిన ట్రూజెట్ సంస్థ ఆగిపోయింది, 2024లో స్టార్ ఎయిర్ వచ్చింది. విమానం ఊరికి వస్తే పిల్లలు తలెత్తి చూస్తారు, అది ముచ్చటే. కాని నీట్ కోచింగుల కోసం పిల్లల్ని గదుల్లో పెట్టి నూరిపోసిన ఊరు, ఇప్పుడు అదే ఒత్తిడిని విమానం మీదికి మళ్లిస్తుంటే ఊరుకోలేకపోతున్నాను.

నన్నడిగితే, పిల్లవాడికి నిజంగా ఎగరాలని ఉంటే ఇన్‌స్ట్రక్టర్ దారి మంచిది. లైసెన్సు తర్వాత అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, ఆ పైన పూర్తి స్థాయి రేటింగ్. ఎయిర్‌లైన్ జీతం రాదు, ఫొటోలో యూనిఫారం అంత మెరవదు. కాని గంటలు పెరుగుతాయి. ఎదుటివాడి తప్పు చెయ్యి దాటకముందే పసిగట్టే కన్ను అక్కడే అలవడుతుంది. ఎగ్జామినర్‌కు కావలసింది ఆ కన్నే.

వైద్యం చదివే పిల్లలకు ఇంకో దారి ఉంది, మన విష్ణుపురి మెడికల్ కాలేజీ విద్యార్థుల్లో ఎంతమంది దీన్ని విన్నారో. పైలట్లకు ఆరోగ్య పరీక్షలు చేసే డాక్టర్లను కూడా డీజీసీఏ ఎంప్యానెల్ చేస్తుంది. వాళ్లలో సొంత ప్రాక్టీసు ఉన్నవాళ్లూ ఉంటారు. ఏవియేషన్ మెడిసిన్‌లో శిక్షణ కావాలి. 1957 నుంచి బెంగళూరులో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ దీనికి పెట్టింది పేరు. ఒక జాగ్రత్త: ఏఎంఈ అంటే అమెరికాలో ఈ డాక్టరు, మన దగ్గర విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరు. పేరు చూసి ఫీజు కట్టి, చేరాక తెల్లబోయిన పిల్లలున్నారు.

ధర్మాబాద్ రైతుతో మాట్లాడుతుంటే అబ్బాయి మధ్యలో అందుకున్నాడు. గల్లీలో ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాడట. "బాపూ, సార్ చెప్పేది ఇట్ల" అంటూ 200 గంటలకూ 1500 గంటలకూ తేడా తండ్రికి ట్రాక్టర్ లెక్కలో విడమర్చి చెప్పాడు. విసుక్కోలేదు, తొందరపడలేదు. తండ్రి తెచ్చిన ప్యాకేజీ కాగితంలో వాడి ఈ గుణం గురించి ఒక్క ముక్కా లేదు.

"అన్నా, ముందు హైదరాబాద్ తీసుకుపోయి డీజీసీఏ డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించు" అన్నాను. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉన్నా ఆ పరీక్షలోనే తేలుతుంది. దానికయ్యేది వేలల్లోనే. ఆ తర్వాత ఇంట్లోనే కూర్చుని ఎయిర్ రెగ్యులేషన్స్, మెటియరాలజీ పుస్తకాలు ఆరు నెలలు చదవమన్నాను. ఈలోగా ఇక్కడి బీఎస్సీ ఫిజిక్స్ సీటు వదులుకోవద్దని, మెడికల్ రిపోర్టు వచ్చాక ఇద్దరూ మళ్లీ రావాలని, వచ్చేటప్పుడు ఆ సాత్‌బారా ఇంట్లోనే పెట్టి రావాలని చెప్పి పంపాను.